ఐదు మెట్లు దించిన పాట

"ఆ పెన్‌డ్రైవ్ టీచరమ్మకియ్యి. పాటలన్నీ అండ్లనే ఉన్నయి."

"ఇస్త తియ్యి. ముందు ఈ జావ తాగు."

నేనూ మా ఆయనా మాట్లాడుకున్న ఆఖరి మాటలివి. గద్వాల దవాఖానలో, మిట్టమధ్యాహ్నం. జావ సగం తాగి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. ముప్పై ఏళ్లు దాటిన కాపురం మాది. పోయే ముందు అన్న మాటలో నా సంగతి ఒక్కటీ లేదు, ఆమె సంగతి ఉంది. ఏడుస్తూనే ఆ మాట తలచుకుని మండిపోయాను. మొగుడి శవం పక్కన కూర్చుని కుళ్లుకున్న ఆడదాన్ని నేనొక్కదాన్నేనేమో.

నాకు చదువు రాదు. సంతకం పెడతాను, బస్సు బోర్డు మీద గద్వాల అని ఉంటే పోల్చుకుంటాను, అంతే. నేను చెప్తుంటే మా తమ్ముడి భార్య రాస్తోంది. ఆయన పాటల పుస్తకం రెండోసారి అచ్చు వేస్తున్నారు. ముందు పేజీల్లోకి నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆయన మంచితనం గురించి చెప్తాననుకున్నారేమో. నేను చెప్పాల్సింది వేరే ఉంది.

ఆయన చీరలు నేసేవాడు. నేను మగ్గం పక్కనే రాట్నం పెట్టుకుని కండెలకు నూలు చుట్టేదాన్ని. శనివారమైతే బీచుపల్లి ఆంజనేయుడి గుడిలో భజన. మొదట హార్మోనియం వాయించేవాడు, తర్వాత ఎవరో వాడి అమ్ముకున్న కీబోర్డు తెచ్చాడు. ఆయన వేళ్లు ఒకే చోట అలవాటుపడ్డాయి. ఆ చోటు వదిలి పక్కకు పొమ్మంటే పోయేవి కావు. కీబోర్డులో దానికి మందు దొరికింది. ఒక బటన్ ఉంది. వేళ్లు అలవాటైన ఆ నల్ల, తెల్ల మెట్ల మీదే ఉంటాయి, బటన్ నొక్కితే శ్రుతి కిందికో మీదికో జరుగుతుంది. నాది బొంగురు గొంతు, మగవాళ్ల గొంతులా కింద పలుకుతుంది. నేను పాడడానికి కూర్చుంటే కిందికి రెండు నొక్కులు నొక్కేవాడు. టిక్కు, టిక్కు. అంతమంది ముందు అది నా కోసం చేసిన చప్పుడు.

తర్వాత టీచరమ్మ వచ్చింది. వనపర్తిలో బడి పంతులమ్మ. ప్రతి శనివారం బస్సెక్కి భజనకు వచ్చేది. గొంతు సన్నం, పైపైన తేలేది. ఆమె లేచి నిలబడగానే ఆయన వేలు బటన్ మీదికి పోయేది. మీదికి మూడు. చదువు రాకపోయినా ఈ లెక్క నాకు వచ్చింది.

ఒకసారి తిరుగు బస్సులో అడిగాను.

"ఆమెకు మూడు నొక్కుతవ్, నాకు రెండేనా?"

"ఏమే, బటనుకు గూడ కుళ్లుకుంటవా? నీది కిందికి, ఆమెది మీదికి. మూడేమన్న ఎక్కువనా?"

"ఎక్కువనే కదా."

"అయితే రేపటికెల్లి నీకు నాలుగు నొక్కుత. గొంతు బాయిల పడ్తది, నేనే తాడేసి తీయాలె."

బస్సులో ముందు సీటువాళ్లు కూడా నవ్వారు. నేను నవ్వలేదు.

ఆయన పోయాక ఆ పెన్‌డ్రైవ్‌ను ఆరు నెలలు ఎవరికీ ఇవ్వలేదు. టీచరమ్మే ల్యాప్‌టాప్ సంచి వేసుకుని ఇంటికి వచ్చింది.

"అక్కా, గురువుగారి పాటలు పుస్తకంగ ఏద్దమనుకుంటున్నం. ఊరూరి భజన మండళ్లకు పంచుదం. స్వరాలు, కార్డులు అన్ని రాసిపెట్టిన అన్నరు నాతోని."

నాతోని అన్న మాట గుచ్చుకుంది. "ఇస్త," అన్నాను, "కానీ నా కండ్ల ముందలనే తియ్యాలె. ఇంటికి తీస్కపోవుడు లేదు."

ఆమె మగ్గం పక్కన చాప మీద కూర్చుంది. ఆయన పాత కంప్యూటర్లో రాసిన పాటలను తన కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చింది. అవి ఎలా ఉంటాయో ఆ రోజే తెలుసుకున్నాను. గీతల మీద చుక్కలు, అవి పాట. ఆ చుక్కల పైన ఇంగ్లీషు అక్షరాలు, అవి కార్డులు. కార్డు అంటే ఎడమ చేత్తో మూడు మెట్లు కలిపి నొక్కేది. ఎక్కడ ఏది నొక్కాలో పై అక్షరం చెప్తుంది. పాత కంప్యూటర్లో ఆ అక్షరాలు ఊరికే రాత, పలికేవి కావు. ఈ కొత్తదాంట్లో అవి కూడా పలుకుతాయి.

ఆమె పాట పెట్టింది. చెవులు మూసుకోవాలనిపించింది. రెండు పెళ్లిళ్ల బ్యాండ్లు ఒకే సందులో ఎదురెదురు వచ్చినట్టుంది. పాట పాటే, వెంట వచ్చే కార్డులు మాత్రం ఎక్కడివో.

"గురువుగారు తొందరల కార్డులు తప్పు రాసినట్టున్నరు," అంది. "పర్వాలే అక్కా, నేను ఒక్కొక్కటి మళ్ల రాసుకుంట."

"ఆయన తప్పు రాయడు!" నా అరుపుకు పక్కింటివాళ్లు తొంగిచూశారు. "ఒక్క పోగు తెగితే మగ్గం ఆపి, ఎతికి ముడేసే మనిషి. తప్పు రాసిండంటవా?"

"మరి గిట్లెందుకు పలుకుతుంది?"

"ఇంకోసారి పెట్టు."

కళ్లు మూసుకుని విన్నాను. పాట నా గొంతు దగ్గరుంది. నేను పాడే చోటే. కార్డులు మాత్రం ఆయన వేళ్లు ఉండే పాత చోట ఉన్నాయి. బటన్! చుక్కలు కీబోర్డు నుంచి వైరులో వాటంతటవే కంప్యూటర్లోకి పోయేవి, బటన్ నొక్కిన తర్వాతి శ్రుతిలో. కార్డుల పేర్లు మాత్రం తన వేళ్లను చూసుకుని ఆయనే కొట్టేవాడు.

"పేర్లన్నిటిని రెండు మెట్లు కిందికి దించు. నల్లవి తెల్లవి కలిపి రెండు."

ఆమె కార్డుల పేర్లన్నీ ఒక్కసారే పట్టి దించింది. మళ్లీ పెట్టింది. పాటా కార్డులూ ఒకదాంట్లో ఒకటి ఒదిగిపోయాయి. ఆమె నోరు తెరిచి నన్ను చూసింది. ఆ చూపు కోసం ఎన్ని శనివారాలు కాచుకున్నానో.

మరో చిక్కు వచ్చింది. ఆయన కొన్ని కార్డుల పక్కన చిన్న గీత పెట్టేవాడు. గీత ఉంటే ఆ కార్డు ఏడుపుగా పలుకుతుంది, లేకుంటే నవ్వుగా. కొత్త సాఫ్ట్‌వేర్ ఆ గీతలను కొన్నిచోట్ల మింగేసింది. ఆమె రెండు రకాలుగా పలికించి అడిగేది, నేను చెప్పేదాన్ని.

"ఇది?"

"ఏడుపుది."

"ఇది?"

"నవ్వేది. అక్కడ ఏడుపెందుకు, ఆంజనేయుడు సముద్రం దాటిపాయె కదా!"

ఇద్దరం పడీపడీ నవ్వాం. మొత్తం పది పాటలు. ఆరు నా శ్రుతిలో కుదిరాయి. మూడు కుదరలేదు. "అవి నీవి, మీదికి మూడు," అని ఆమె అడగక ముందే చెప్పాను. ఆ మూడూ ఆమె గుడిలో పాడినవే, కాబట్టి ఓర్చుకున్నాను.

ఆఖరుకు కండెల పాట మిగిలింది. పెళ్లయిన కొత్తలో, నేను రాట్నం తిప్పుతుంటే, మగ్గం గుంతలో కూర్చుని నా మీద కట్టిన పాట. గుడిలో ఎప్పుడూ పాడలేదు. టీచరమ్మకు అలాంటి పాట ఉందనే తెలియదు. కార్డులు రెండు మెట్లు దించింది. కుదరలేదు. నేను ఏమీ అనక ముందే మీదికి మూడు ఎక్కించింది. కుదిరింది.

"అయ్యో అక్కా, ఇది గూడ నా శ్రుతిలనే పెట్టిండ్రు! నాకు ఒక్కనాడు చెప్పలే!"

ఆమె ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు నేను చూడలేకపోయాను.

"తప్పు రాసిండు," అన్నాను.

"ఏంది?"

"మందుల మత్తుల ఏదో నొక్కిండు. అది నా పాట. నా మెట్టుకు దించు. పాటను, కార్డులను, అన్నిటిని."

"చుక్కలు గూడ పైననే ఉన్నయక్కా, ఆయన కావాల్ననే..."

"నా పాట నాకు తెల్వదా? నువ్వు నాకు చెప్తవా?"

ఆయన తప్పు రాయడని గంట క్రితం అరిచిన నోరే ఇది. ఆమె మీదికెక్కిన మూడూ, నా రెండూ కలిపి మొత్తం ఐదు మెట్లు కిందికి దించేసింది. "ఒకసారి పాడి చూడక్కా," అంది. గొంతు బాగాలేదన్నాను. పాడి ఉంటే అక్కడే తేలిపోయేది.

వనపర్తిలో పుస్తకం అచ్చయింది. నాగర్‌కర్నూల్లో భజన మండళ్లన్నీ కలిస్తే నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. ఉప్పునుంతల నుంచి వచ్చిన ఆడవాళ్లు కండెల పాట ఎత్తుకున్నారు. వాయించేవాడు కొత్తవాడు, పుస్తకంలో ఎలా ఉంటే అలా వాయించాడు. మొదటి పాదం వింటూ పొంగిపోయాను. చరణం చివర ఆ పాట మెల్లగా కిందికి దిగుతుంది. దిగుతూ దిగుతూ పదిమంది గొంతుల్లోంచీ మాయమైపోయింది. కీబోర్డు ఒక్కటే మోగుతోంది.

"ఏందే ఈ పాట?" అని వాళ్లలో ఒక పెద్దామె మైకు దగ్గరే అనేసింది. "గొంతుల పాడాల్నా, కడుపుల పాడాల్నా?"

అందరూ నవ్వారు. ఆయన పాటను చూసి నవ్వారు. టీచరమ్మ నా పక్కనే ఉంది. "ఈమే దించమంది" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు, పుస్తకంలోకి చూస్తూ కూర్చుంది. ఆ మంచితనం కూడా ఆమెకే ఉండాలా అని అప్పుడూ కుళ్లుకున్నాను.

ఇంటికి వచ్చి పాడి చూసుకున్నాను. చివరి పాదంలో నా గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. అంత లోతుకు దిగే పాటను పైన మొదలుపెట్టాలని ఆయనకు తెలుసు, అందుకే ఎక్కించాడు. కారణం తెలిసింది గానీ నా మంట చల్లారలేదు. ఎక్కించేటప్పుడు ఎవరి గొంతు తలచుకుని మూడు నొక్కాడో కూడా నాకు తెలుసు కదా.

అయినా ఆయన పాటను నవ్వులపాలు చేసినదాన్ని నేను. ఆయన తప్పు రాయలేదు. నేను అబద్ధం చెప్పాను. టీచరమ్మకు కూడా ఇది చదివాకే తెలుస్తుంది. కండెల పాటను ఐదు మెట్లు మీదికి ఎత్తి అచ్చు వేయండి. కార్డులను మరిచిపోకండి, అవి కూడా పాట వెంట ఎక్కాలి. నావి మిగతా ఆరూ మాత్రం నా శ్రుతిలోనే ఉండాలి. వాటిని ఒక్క మెట్టు కదిపినా ఊరుకోను.

"వదినా, అబద్ధం చెప్పిన అన్నది గూడ రాయాల్నా?" అంటోంది మా మరదలు.

"రాయి. ఆమె ముఖం ఎలిగిందన్నది గూడ రాసినవా? రాస్తే రాసినవ్ తియ్యి, కొట్టెయ్యకు. ఇగ జర మొదటికెల్లి సదువు. మెల్లగ సదువు, నేను వింట."