రెండు పేర్ల బోర్డింగ్ పాసు

మా అత్తకు రెండు పేర్లున్నాయని నాకు ఓర్వకల్లు విమానాశ్రయం గేటు దగ్గర తెలిసింది. అప్పటికి ఆ ఇంటి కోడలినై పదిహేనేళ్లు. గొప్ప కోడల్నే!

విశాఖలో ఉండే మా అత్త వాళ్లక్కకు చూపు తగ్గిపోతోంది. "పూర్తిగా పోకముందే ఒకసారి వచ్చిపో మే, నీ మొగం సూస్తా" అని ఫోన్ చేసింది. మా అత్త మోకాళ్లు రైల్లో రాత్రంతా కూర్చోనివ్వవు. ఎనిమిదేళ్లుగా ఆ ప్రయాణం వాయిదా పడుతూనే వచ్చింది. ఈసారి ఎవరి మాటా వినకుండా నా ఫోన్లోనే ఇద్దరికీ విమానం టికెట్లు తీసేశాను. అత్తను చర్చిలో, వీధిలో అందరూ పిలిచే పేరే కొట్టాను. చెక్-ఇన్ కూడా ఇంట్లోనే చేసి ఆమెకు కిటికీ సీటు పట్టాను. మేం విమానం ఎక్కబోతున్నామని తెలియని ఆటో డ్రైవరు ఆ వారం మా కల్లూరులో లేడు.

గేటు దగ్గర జవాను నా ఫోన్ చూశాడు, అత్త ఆధార్ చూశాడు, మళ్లీ ఫోన్ చూశాడు. తల అడ్డంగా ఊపాడు. ఆధార్‌లో ఫోటో మా అత్తదే. పేరు మాత్రం నేనెన్నడూ వినంది.

"ఇదేం పేరత్తా?"

"నాదే. బాప్తిస్మానికి ముందుది" అంది నింపాదిగా. "మా నాయన ఇచ్చిన రెండెకరాలు ఆ పేరు మీదనే ఉండాయి. మారిస్తే పాసుపుస్తకం చెల్లదేమోనని ఆధార్‌లో అట్నే రాపిచ్చినా."

"టికెట్ తీసేటప్పుడు చెప్పొద్దూ?"

"నువ్వడిగితే గదా!"

నిజమే, అడగలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది. వెనక క్యూ పెరుగుతోంది, జవాను పక్కకు జరగమంటున్నాడు. ఈ విమానం తప్పితే ఆమె మళ్లీ బయలుదేరదు. ఆ సంగతి నాకు తెలుసు. పెద్దత్త చూపు మాత్రం మా కోసం ఆగదు. నిలబడ్డచోటే ఏడుపొచ్చినంత పనైంది.

అత్త సంచి కింద పెట్టి బైబిల్ తీసింది. ఇప్పుడు ప్రార్థన మొదలుపెడుతుంది కాబోలు అనుకున్నాను. పేజీల మధ్య నుంచి ఓటరు కార్డు తీసింది!

"ఓట్లు రాసేటోళ్లు ఇంటికొచ్చి రాసుకుండిరి. దీంట్లో చర్చి పేరే ఉండాది, సూడప్పా."

అతను అక్షరం అక్షరం పోల్చుకుని, నవ్వి, లోపలికి పొమ్మని చెయ్యి ఊపాడు. ఆ చేతికి దండం పెట్టబుద్ధేసింది.

"ఫోన్లో ఉంటే అది పాసెట్లయితాది? చేతిలో ఉండాల గదమ్మా" అని అత్త లోపల కౌంటర్లో అమ్మాయి చేత కాగితం పాసు ఇప్పించుకుంది. తన పేరు ఎక్కడుందో నా చేత వేలు పెట్టి చూపించుకుని మరీ కదిలింది. విమానం లేచేటప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. ఆమె కిటికీకి ముక్కు ఆనించింది. "మన కల్లూరు యాడుండాది? చెప్పు, చెప్పు!" అని నా మోచేయి గిల్లింది. నాకేం తెలుసు? ఏదో తెల్లటి చుక్క చూపించాను. "అవునమ్మా, అదే!" అని మురిసిపోయింది.

విశాఖలో బయటికి వస్తుంటే కమ్మీల అవతల పెద్దత్త నిలబడి ఉంది. ముఖం మా వైపే ఉన్నా మమ్మల్ని గుర్తుపట్టలేదు. బయటికొచ్చే ప్రతి ఆడమనిషినీ ఒకే పేరు పెట్టి గట్టిగా పిలుస్తోంది. అది ఆధార్‌లో ఉన్న పేరు.

"ఓ! వచ్చినా అక్కా, వచ్చినా!" అని బడిలో హాజరు పలికినట్టు అరిచింది మా అత్త.

పెద్దత్త ఆ గొంతు వచ్చిన వైపు రెండు చేతులూ చాచింది. చెల్లెలి మొహాన్ని పట్టుకుని తన కళ్లకు దగ్గరగా, ఇంకా దగ్గరగా లాక్కుంది.

"కనపడతాండావు మే" అంది చివరికి. "కనపడతాండావు."