ఆంబ్రోస్ పెట్టస్ ఓటు

వర్జీనియాలో మా జిల్లాకు ఆంబ్రోస్ పెట్టస్ ఇరవై ఏళ్లు జడ్జీ. ఆయన తీర్పుల్లో తప్పు పట్టినవాడు లేడు. అయినా జనం ఆయన పేరెత్తితే వెంటనే వకీలు లిటిల్టన్ వాడీ పేరు కూడా ఎత్తేవారు. ఆయనకు ముద్ద దిగకపోవడానికి అదే కారణం.

ఇద్దరూ ఒకే ముసలి వకీలు దగ్గర చట్టం చదువుకున్నారు. పెట్టస్ కొవ్వొత్తులు కరిగించి నేర్చినది వాడీ నవ్వుతూ పట్టేసేవాడు. ఊరూరా తిరిగే కోర్టు వెంట తామూ తిరుగుతూ సత్రాల్లో ఒకే మంచం పంచుకునేవారు. తలగడ తాకగానే వాడీ గుర్రు పెట్టడం కూడా పెట్టస్‌కు కంటగింపే. నేను చాలా రేవులు తిరిగాను. సిరి చూసి కుళ్లినవాళ్లను చూశాను గాని, నిద్ర చూసి కుళ్లినవాణ్ని ఈయననే చూశాను.

ఇంగ్లీషు రాజుతో యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు శాసనసభలో ఒక సీటు ఖాళీ అయింది. ఇద్దరూ నిలబడ్డారు. మా దగ్గర ఓటు గుట్టు కాదు. కోర్టు మెట్ల మీద ఎన్నిక నడిపే షెరీఫ్ పక్కన అభ్యర్థులు కూర్చుంటారు. భూమి ఉన్న తెల్లవాడు వచ్చి ఒకరి పేరు గట్టిగా చెబుతాడు. ఆ పేరుగలాయన లేచి వంగి దణ్ణం పెడతాడు. చివర్లో అభ్యర్థులు ఒకరికొకరు ఓటేసుకోవడం పెద్దమనిషి తరహా.

పొద్దు వాలేసరికి ఇద్దరి ఓట్లూ సమానం.

"మీ ఓటెవరికి, వాడీ గారూ?" అన్నాడు షెరీఫ్.

"ఇంకెవరికి, మా ఆంబ్రోస్‌గాడికే! ఓడిపోతే రేపట్నించి హాయిగా చేపలు పట్టుకుంటా."

జనం విరగబడి నవ్వారు. షెరీఫూ నవ్వాడు. పెట్టస్ లేచి దణ్ణం పెట్టాడు. ఇప్పుడు తాను వాడీ పేరు చెబితే మళ్లీ సమానం. అప్పుడు తేల్చేది ఆ నవ్విన షెరీఫే.

"మీదండీ?"

"పెట్టస్‌కి."

ఓటర్ల కోసం పెట్టిన రమ్ము పీపా దగ్గర్నించి ఒక రైతు అరిచాడు: "అయ్యా, ఓటేసినోడికి దణ్ణం పెట్టాలిగా! లేచి మీకు మీరే పెట్టుకోండి!"

వాడీ ఒక్కడే నవ్వలేదు. "ఊరుకోవయ్యా, గెలిచాడుగా," అన్నాడు. రైతును పెట్టస్ ఎప్పుడో మరిచాడు. వాడీ అన్న ఆ మాటను మాత్రం క్షమించలేదు.

సభ నుంచి జడ్జీ పీఠానికి ఎక్కాడు. తాను పైన, వాదించే వాడీ కింద. అయినా జ్యూరీ మెడలు తిరిగేది కిందికే.

ఒక మార్చి వానలో వాడీని పూడ్చారు. బళ్లు ఏటిదాకా బారులు తీరాయి. పెట్టస్ భార్య టాబితా కళ్లొత్తుకుంటోంది.

"ఇంతమందికి కబురెవరు పంపారు?" అని అడిగాడాయన.

"ఎవరూ పంపలేదండీ."

ఆయన వానలో నిలబడి బళ్లు లెక్కపెట్టసాగాడు.