మూసీ పుట్టింటికి బడీమా ప్రయాణం

పంతొమ్మిది వందల నలభై ఒకటో సంవత్సరం. అనంతగిరి గుట్టల మీద సీతాఫలాలు కళ్లు విప్పే రోజులు. మేము అప్పుడు ఛత్రినాకలో కాపురం ఉండేవాళ్లం. పట్నం ఇళ్లవాళ్లను అడవికి తీసుకుపోయి, గుట్టలూ లోయలూ తిప్పి చూపించి, వండిపెట్టి, మళ్లీ భద్రంగా వాళ్ల గడపలో దింపడం నాకూ మా ఆయన మల్లయ్యకూ పని. దీన్ని పాతబస్తీలో సైర్ అనేవారు. సైరుకు వచ్చే ఇంటి మందిని మేము పార్టీ అనేవాళ్లం. మగవాళ్ల పార్టీలను మల్లయ్య చూసుకునేవాడు, ఆడవాళ్ల పార్టీలు నావి. నా పుట్టిల్లు ఆ గుట్టల కిందనే ఉన్న పల్లె కాబట్టి, అక్కడ ఏ బాట ఎటు పోతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఘోషా ఇళ్ల ఆడవాళ్లను తీసుకుపోవాలంటే ఖనాతు తప్పనిసరి. ఖనాతంటే వెదురు కర్రలకు కట్టిన గుడ్డ గోడ. నాలుగు మూలలా నలుగురు మనుషులు కర్రలు పట్టుకుని నిలబడతారు, మధ్యలో ఆడవాళ్లు నడుస్తారు. రైలు డబ్బా నుంచి ఎడ్లబండి దాకా, బండి నుంచి డేరా దాకా, నాలుగు అడుగుల దూరానికి వాడే వస్తువు అది. దాన్ని గుట్ట ఎక్కించినవాళ్లు మాత్రం నాకు తెలిసి మేమొక్కరమే.

హుస్సేనీఆలంలో ఒక అత్తరు వ్యాపారి ఇల్లు ఉండేది. ఆ ఇంటి పెద్దావిడను అందరూ బడీమా అనేవారు. ఒకరోజు ఆమె కబురు పెడితే వెళ్లాను. తమలపాకుకు సున్నం రాస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"రాజమ్మా, మూసీ ఏడ పుట్టింది?"

"మా గుట్టలల్లనే బడీమా. మా పుట్టింటికి దగ్గరనే."

"నువ్వు చూసినవా?"

"చిన్నప్పుడు గొర్లను తోలుకపోయి ఆడనే నీళ్లు తాపిన."

అప్పుడు తల ఎత్తింది. ఆమె కళ్లకు పొర కమ్ముతోందని దగ్గరగా చూస్తే తెలిసింది. "అది పిలవకుండనే నా ఇంటికొచ్చింది. నేను కూడా ఒక్కసారి దాని ఇంటికి పోవాలె. ఈ కండ్లు మూసుకపోకముందే."

ఆమె కొత్త కోడలుగా ఉన్నప్పుడు వాళ్ల ఇల్లు నది ఒడ్డున ఉండేదట. పట్నాన్ని ముంచిన ఆ పెద్ద వరదలో ఇల్లూ, సామానూ, కొట్టులోని అత్తరు జాడీలూ అన్నీ కొట్టుకుపోయాయి. ఇంటి మనుషులు ఎలాగో బయటపడ్డారు. నీళ్లు తీశాక ఆ వీధిలో బురద కూడా గులాబీ వాసన కొట్టిందని ఆమె నవ్వుతూ చెప్పేది. ఆ నది పక్కనే బతికి, గోడ అవతల దాని చప్పుడు వినడమే తప్ప నిండుగా చూసింది లేదు.

కొడుకు కరీం సాబ్ తల్లి మాట కాదనేవాడు కాదు. కానీ బజారు మాటకు భయపడేవాడు. "తీసుకపో రాజమ్మా. గానీ ఇంట్ల ఆడోళ్ల మీద ఒక్క పరాయి కన్ను పడ్డా, ఏడికి పోయినా సరే, ఆడ్నుంచే ఎనక్కి తిప్పుకొస్త. మళ్ల సైరు మాట ఎత్తొద్దు" అన్నాడు.

బురఖాలతో గుట్ట ఎక్కడం కష్టం, కాళ్లకు అడ్డం పడుతుంది. పైగా బడీమా చూపుకు ముఖం మీది జాలీలోంచి ఏమీ ఆనదు. అందుకని ఆయనే తీర్మానం చేశాడు, మొదటి నుంచి చివరి దాకా ఖనాతులోనే నడవాలని.

"గుట్ట మీదికి కూడానా సాబ్?"

"గుట్ట మీదికే."

ఇంటికొచ్చి చెబితే మల్లయ్య బీడీ పక్కన పెట్టి నా ముఖం చూశాడు. "గుట్ట ఎక్కేది మనుషులా, గోడలా?" అన్నాడు.

పొద్దున్నే నాంపల్లిలో రైలెక్కి, వికారాబాదులో దిగి, బండ్లు కట్టుకుని గుట్ట కిందికి చేరాం. బడీమా, కోడలు సకీనా బేగం, ఇద్దరు మనవరాళ్లు, నేను ఖనాతు లోపల. నాలుగు కర్రలూ పట్టుకుని మల్లయ్యా, అతని మనుషులు ముగ్గురూ బయట. వెనక్కి తిరగకూడదని వాళ్లకు గట్టి ఆజ్ఞ. కరీం సాబ్ గొడుగు వేసుకుని ముందు నడుస్తూ, ఎవరైనా ఎదురొస్తున్నారేమోనని అటూ ఇటూ చూస్తున్నాడు.

లోపల మాకు కనిపించేది నాలుగు దిక్కులా ఎర్రచారల గుడ్డ. పైన కొంచెం ఆకాశం, అప్పుడప్పుడు ఒక టేకు కొమ్మ.

"ఇప్పుడేమొచ్చింది రాజమ్మా?" అని అడిగేది బడీమా.

"కుడిదిక్కు లోయ, బడీమా."

"ఎట్లున్నది?"

"మస్తుగున్నది."

"నువ్వు చెప్తే వినేదానికైతే ఇంట్లనే ఉందును గదా. ఆడ పాన్‌దాన్ అన్నా దగ్గరుంటుండె."

సగం గుట్ట ఎక్కాక బాట సన్నబడింది. రెండు టేకు చెట్ల నడుమ ఖనాతు ఇరుక్కుంది. ముందువాళ్లు లాగుతుంటే వెనకవాళ్లు తోస్తున్నారు. ఎటు తిరగాలన్నా లోపలికి చూడకూడదు. కరీం సాబ్ బయటి నుంచి "ఇటు కాదు, అటు. అటు కాదు, పైకి" అని చెబుతూనే ఉన్నాడు.

"సాబ్, ఒక్కసారి లోపలికి తిరుగుత. లోపల నా పెండ్లాం కూడా ఉన్నది. ఆమెను చూసినా తప్పేనా?" అన్నాడు మల్లయ్య.

"ఇంట్ల చూసుకో" అన్నాడు కరీం సాబ్.

ఇంతలో రేగుముల్లు తగిలి గుడ్డ ఒకవైపు చిరిగింది. ఆ చప్పుడుకో, మా బుట్టలో ఖీమా పెట్టి వేయించి తెచ్చిన లుఖ్మీల వాసనకో, పైకొమ్మ మీది నుంచి ఒక కొండముచ్చు దిగి, వెదురు మీద తీరిగ్గా కూర్చుని మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. చేయి చాపి ఒక లుఖ్మీ అందుకుంది. పిల్లలు కెవ్వుమన్నారు.

"కరీం, లోపలికి ఒకడొచ్చిండు. మొగోడే అనిపిస్తున్నది" అంది బడీమా.

"ఎవడు అమ్మీ?" అన్నాడు కరీం సాబ్ బయటి నుంచి.

"తోకున్నది. మన ఖాన్‌దాన్ వాడైతే కాదు."

నవ్వు ఆపుకోలేక మల్లయ్య కర్ర వదిలేశాడు. ఒక మూల గోడ కూలింది. సరిగ్గా అప్పుడే గడ్డి కోసుకుని తలల మీద మోపులతో కొందరు ఆడవాళ్లు పై నుంచి దిగుతున్నారు. ముందున్నది మా వదిన పోచమ్మ.

"ఏంది రాజీ, ఊరేగింపా? లోపల దేవుడున్నడా?" అంది వదిన.

"పట్నం అమ్మలున్నరు వదినా. మూసీ ఊట చూడొచ్చిండ్రు."

"గుడ్డల సంచిలేసుకొని చూపిస్తవా?"

వచ్చినవాళ్లు ఆడవాళ్లే కాబట్టి సరిపోయింది. కానీ కరీం సాబ్ గొడుగు పడేసి పరుగెత్తుకొచ్చాడు. చిరిగిన గుడ్డను రెండు చేతులతో మూసి పట్టుకుని అన్నాడు, "అయిపోయింది రాజమ్మా. వీళ్ల జాగల మొగోళ్లు వచ్చుంటే ఏమవుతుండె? ఎనక్కి తిప్పుండ్రి."

మనవరాళ్లు బడీమా వైపు చూశారు. ఆమె ఒక రాయి మీద కూర్చుంది. ఊట ఇంకొక్క మలుపు తిరిగితే వచ్చేస్తుంది. మళ్లీ ఏటికి ఆమె కళ్లలో ఎంత వెలుగు మిగులుతుందో ఎవరికీ తెలియదు. కోపం చేస్తుందనుకున్నాను, చేయలేదు. గుడ్డ అవతల ఉన్న కొడుకుతో మెల్లగా అంది.

"బేటా, ఈ గోడ ఎందుకు పట్టుకున్నరు?"

"పరాయి మొగోళ్ల కన్ను మీ మీద పడొద్దని అమ్మీ."

"కన్ను ఎవరిది? వాళ్లది. మరి మమ్మల్ని ఎందుకు మూసినవ్? కన్నున్నోళ్లనే మూసెయ్."

ఆయనకు అర్థం కాలేదు. నిజానికి నాకూ కాలేదు. మా వదినకు మాత్రం వెంటనే అర్థమైంది, మోపు కింద పడేసి నవ్వడం మొదలుపెట్టింది.

"మేము బయటికొస్తం. ఈ నలుగురిని లోపల కూసోబెట్టు. నువ్వు కూడా లోపలనే ఉండి వాళ్ల కండ్లకు కాపలా ఉండు" అంది బడీమా.

"మొగోళ్లు ఖనాతుల కూసుంటరా అమ్మీ? ఎవరన్న ఇంటే నవ్వుతరు."

"నవ్వనీ. నవ్వితే పోయేదేమున్నది? పోతున్నయి నా కండ్లు."

కరీం సాబ్ గుడ్డ వదిలి, బాట పైకీ కిందికీ చూశాడు. "బాటకు కాపలా ఎవరు?"

"మేమున్నం సాబ్" అంది వదిన కొడవలి చూపించి. "ఈ బాటలకు మొగ పిట్ట కూడా రాదు."

"మల్లయ్యా," అన్నాడు ఆయన, "కండ్లు మూసుకోండ్రి. వీళ్లు బయటికి పోయినంక లోపలికి నడువుండ్రి."

నలుగురు మగవాళ్లు కళ్లు గట్టిగా మూసుకుని, ముఖాలు చెట్లకు ఆనించి నిలబడ్డారు. మేము బండ చాటుకు తప్పుకున్నాం. చెట్ల నడుమ నుంచి ఖనాతును వెనక్కి లాగి, చదును నేల మీద పాతి, చిరుగుకు పిన్నీసు పెట్టి, ఐదుగురినీ లోపల కూర్చోబెట్టి, భోజనం బుట్ట కూడా వాళ్లకే అప్పగించి వదిన ముడి వేసింది. "బయటికొచ్చిండ్రంటే గడ్డి మోపులు మోపిస్త" అని ఒక మాట కూడా వేసింది.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే ఇప్పటికీ నాకు నవ్వు వస్తుంది. ఇంట్లో పెదవి విప్పని సకీనా బేగం కొంగు నడుముకు చెక్కుకుని, మా వదినతో పోటీ పెట్టుకుని బాట మీద పరుగెత్తింది. మనవరాళ్లు లేత టేకాకు నలిపి అరచేతులకు ఎర్రగా పూసుకుని, గోరింటాకు అన్నారు. గడ్డి కోసేవాళ్లు చెట్టునే పండిన సీతాఫలాలు తెంపి ఇస్తుంటే, గింజలు ఎక్కడ ఉమ్మాలో తెలియక గుప్పిట్లో దాచుకున్నారు.

"అడవిల ఉమ్మడానికి కూడా తెల్వదా తల్లీ?" అంది వదిన. ఇక చూడాలి, ఎవరు ఎంత దూరం ఉమ్ముతారా అని పందెం.

బడీమా నా చేయి పట్టుకుని నడిచింది. కొంచెం దూరానికొకసారి ఆగి, ఒక ఆకును తడిమేది, ఒక బండ మీద అరచేయి ఆనించేది. లోయ అంచున నిలబెడితే పచ్చదనం ఎంత దూరం పోయిందో అంత దూరం చూసి, "దీనికి గోడ ఏడున్నది?" అని అడిగింది.

"లేదు బడీమా."

"అచ్ఛా" అంది.

ఊట దగ్గరికి చేరాం. రెండు బండల సందులో తడి. ఆ తడిలోంచి చిటికెన వేలంత నీటిధార. అది రాళ్ల మీద నుంచి జారి, ఎండుటాకుల కిందికి పోతోంది.

"ఇదేనా?"

"ఇదే బడీమా."

"ఇంతేనా?"

"ఈడ ఇంతే. కిందికి పోతపోత తోబుట్టువులు కలుస్తరు."

వంగి, ముఖం దగ్గరగా పెట్టి చూసింది. ఆమె భుజాలు కదులుతుంటే ఏడుస్తోందనుకుని భయపడ్డాను. నవ్వుతోంది. "ఈ పిల్లనా నా ఇల్లు ఎత్తుకపోయింది?"

జోడు విడిచి, కుడిపాదం ధారకు అడ్డం పెట్టింది. మడమ వెనక నీళ్లు ఆగి చిన్న గుంటగా నిలిచాయి. కింది రాయి తడి ఆరసాగింది.

"సకీనా, ఇటు చూడు. మూసీని ఆపేసిన. పట్నంల చెప్పు, ఇవాళ నీళ్లు రావని."

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నా ముఖం ఆమెకు ఎంత కనిపించిందో గానీ, అడిగింది. "ఏంది రాజమ్మా, తప్పా?"

"మాకది గంగమ్మ, బడీమా. కాలు తగిలితే నీళ్లు కండ్లకద్దుకుంటం."

వెంటనే పాదం తీసేసింది. దోసిట్లో నీళ్లు పట్టి ఆ మసక కళ్లకు అద్దుకుంది. ఆగిన నీళ్లు ఒక్కసారి కదిలి రాళ్ల మీద దూకాయి. వాటి వైపు చూస్తూ ఆమె అంది, "పో బిడ్డా. మెల్లగ పో. దారిల ఇండ్లున్నయి."

తిరిగి వచ్చేసరికి ఖనాతులోంచి గురక వినిపించింది. వదిన ముడి విప్పే ముందు కేకేస్తే లేచి కళ్లు మూసుకున్నారట. బుట్ట ఖాళీ. ఒక్క లుఖ్మీ ముక్క మిగల్లేదు.

"చూడొద్దన్నరు గానీ తినొద్దనలే గదా" అన్నాడు మల్లయ్య కళ్లు మూసుకునే. కరీం సాబ్ మీసాలకు అంటిన ఖీమా తుడుచుకుంటూ, లోపల గాలి బాగా ఆడుతుందనీ, ఒక బొంత ఉంటే ఇంకా బాగుండేదనీ అన్నాడు. మరుసటి ఏడు అదే ఇంటి పార్టీకి ఆయన బొంతా, హుక్కా వెంట తెచ్చుకున్నాడు.

బడీమా మాత్రం మళ్లీ రాలేదు. చూపు దాదాపు పోయింది. వానలు గట్టిగా పడి, నది పెరుగుతోందని ఇంట్లో వాళ్లు ఆదుర్దా పడితే, "ఫికర్ చెయ్యకుండ్రి. దానికి చెప్పొచ్చిన" అనేదట.

ఆ పార్టీ తర్వాత నా పని తీరు మారింది. ఆడవాళ్ల పార్టీలకు ఖనాతు తీసుకుపోతూనే ఉన్నాను, కానీ అందులో కూర్చునేది మగవాళ్లు. బాటకు కాపలా మా వదిన మంది. అంతకన్నా పెద్ద మార్పు ఇంకొకటి. అంతకుముందు పార్టీ మాట్లాడుకునేటప్పుడు ఎన్ని బండ్లు, ఏం వంట, ఎవరికి ఏ మొక్కుబడి అని అడిగేదాన్ని. మనుషులను చెక్కు చెదరకుండా తెచ్చి అప్పగిస్తే నా పని అయినట్టే అనుకునేదాన్ని. ఇప్పుడు మొదట ఏం చూడాలని ఉందో అడుగుతాను. చాలామంది ఠక్కున చెప్పలేరు, ఎవరూ ఎన్నడూ అడిగి ఉండరు. కాసేపు ఆగితే చెబుతారు. ఒకామె నెమలి అంది. ఒకామె ఎవరూ ఊడ్వని నేల అంది. శాలిబండ నుంచి వచ్చిన ఒక ఇల్లాలు చాలాసేపు ఆలోచించి, "దూరం చూడాలె రాజమ్మా. మా ఇంట్ల అన్నీ దగ్గరనే ఉంటయి" అంది.

ఆమెను లోయ వైపు బండ మీద కూర్చోబెట్టి, నేను పొయ్యి వెలిగించడానికి పోయాను.