చాటకు కట్టిన దుబాయి టైం

తంబాకు వాసన వస్తే నాకు ఆకలేస్తుంది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. బీడీ కాల్చిన పొగ వాసన కాదు, అదంటే నాకూ తలనొప్పే. బీడీలు చేసే ఇంట్లో తడి తునికాకు వాసనతో కలిసి చాపకూ గోడకూ కొంగుకూ పట్టి ఉండే పొడి తంబాకు వాసన. మొన్న కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కోసం నిలబడి ఉంటే, ఒకామె తంబాకు సంచీ, ఆకు కట్టలు దించుకుని నా పక్కనే కూర్చుంది. చుట్టుపక్కల వాళ్లు ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకుంటుంటే నాకు మాత్రం నోట్లో నీళ్లూరి, కడుపులో పేగులు అరిచాయి. అప్పటికి కాసేపటి కిందే ఇడ్లీలు తిన్నాను కూడా. ఈ వింత రోగం నాకు చిన్నప్పుడు అంటుకుంది, అంటించింది మా అవ్వ, దానికంతటికీ కారణం ఒక వాచీ.

అవ్వ అంటే మా నాయిన తల్లి. నాయినను నేను బాపు అంటాను, ఆయనా తల్లిని అవ్వ అనే పిలుస్తాడు. నేను రెండో తరగతికి వచ్చేసరికే బాపు దుబాయిలో పైపులు బిగించే పనిలో ఉన్నాడు. ఎల్లారెడ్డిలో మా వాడకట్టున ఇంటికొకరు అట్లా పోయినవాళ్లే కాబట్టి అదేమంత విశేషం కాదు. ఇంట్లో మిగిలింది అవ్వ, అమ్మ, నేను. మొదటిసారి సెలవు మీద వచ్చినప్పుడు బాపు ఒక పాత వాచీ తెచ్చాడు. పని మానేసి వాళ్ల ఊరికి వెళ్లిపోతున్న ఒక పెద్దాయన చేతి నుంచి విప్పి ఇచ్చాడట. సెల్లుతో నడిచేది కాదు, రోజూ చాబీ ఇస్తేనే నడిచేది. ఆ చాబీ కూడా, అంటే పక్కన ఉండే ఆ చిన్న బొడిపె, మామూలు వాచీల్లో లాగా ఊరికే తిరిగేది కాదు. సీసా మూతలాగా మరలతో బిగించి ఉండేది. ముందు దాన్ని విప్పాలి, విప్పితే కొంచెం పైకి లేస్తుంది, అప్పుడు చాబీ ఇవ్వాలి, ఇచ్చాక నొక్కిపట్టి మళ్లీ బిగించాలి.

"బిగిచ్చి పెడితె నీళ్లల్ల పడ్డా దీనికి ఏం గాదవ్వా" అని బాపు దాన్ని అవ్వ చేతిలో పెట్టాడు. అవ్వకు అక్షరం రాదు గానీ ముళ్లు చూసి టైం చెప్పడం వచ్చు. అందుకని బాపు ఆ వాచీని మన టైముకు కాదు, దుబాయి టైముకు పెట్టి ఇచ్చాడు. మనకంటే వాళ్లు గంటన్నర వెనక. "చిన్న ముల్లు ఒకటి మీదికొచ్చిందంటె నీ కొడుకు బువ్వ తింటున్నట్టు, ఫికరు చెయ్యకు" అన్నాడు. పాపం, తల్లి ధైర్యంగా ఉండాలని అన్న మాట. ఆ ఒక్క మాటతో మా ఇంటి భోజనాల వేళలన్నీ తారుమారయ్యాయి, మధ్యాహ్నం అన్నం రెండున్నరకు పోయింది. కొడుకు తినే వేళ తెలిశాక, వాడికంటే ముందు తల్లి ఎట్లా తింటుంది?

అవ్వ ఆ వాచీని చేతికి పెట్టుకోలేదు. బీడీలు చేసేటప్పుడు ఒళ్లో పెట్టుకునే చాట ఉంటుంది కదా, ఒకవైపు కత్తిరించిన ఆకు, ఒకవైపు తంబాకు కుప్ప, కత్తెర, దారపు ఉండ అన్నీ అందులోనే. ఆ చాట అంచుకు బెల్టుతో కట్టేసింది. వేళ్లు వాటి పని అవి చేసుకుంటూ పోతుంటే కళ్లు మాత్రం వాచీ మీద ఉండేవి. బడి రోజుల్లో నేను మధ్యాహ్నం బడిలోనే తినేదాన్ని కాబట్టి బతికిపోయేదాన్ని, సెలవు రోజుల్లోనే నా చావు. గోడ గడియారం పన్నెండు దాటుతుంది, ఒంటి గంట అవుతుంది, పక్కింట్లో గిన్నెల చప్పుడై ఆగిపోతుంది, మా పొయ్యి మీద ఇంకా ఎసరు కూడా పెట్టరు. చాట పక్కన కూర్చుని అచ్చనగండ్లు ఎగరేసుకుంటూ, తంబాకు వాసన పీలుస్తూ, ఆ ముల్లు వంక గుడ్లప్పగించి చూసేదాన్ని. "దాని కడుపు మన ఊరి టైముదే గదత్తా, దానికన్న పెట్టనియ్యి" అని అమ్మ అంటే, "వాడు ఎండల పనిజేసుకుంట ఉపాసముంటె మనం మెక్కుదామా?" అనేది అవ్వ. అమ్మ జొన్నరొట్టె ముక్కలో తొక్కు పెట్టి అవ్వ చూడకుండా నా చేతిలో కుక్కేది.

ఎండాకాలం తునికాకు కట్టలు నీళ్లలో నానబెట్టి తడి గోనెసంచీలో చుట్టి పెడితే ఇల్లంతా అడవి వాసన వచ్చేది, చలికాలం కత్తిరించగా మిగిలిన ఆకు తుంటలే పొయ్యిలో వేసి స్నానానికి నీళ్లు కాచుకునేవాళ్లం, వానలు పడ్డాక మక్క కంకులు నిప్పుల మీద కాల్చుకుని ఉప్పుకారం రాసుకుని తినేవాళ్లం, బతుకమ్మ వచ్చిందంటే పొలాల గట్ల వెంట తంగేడు, గునుగు కోసుకొచ్చి అరుగంతా పోసేవాళ్లం. కాలం ఏదైనా, ఎదురుగా ఉన్నది రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దైనా సత్తుపిండైనా, చాటకున్న వాచీ సరే అననిదే నోట్లో పడేది కాదు. ఒక వానాకాలం పోచారం చెరువు నిండి అలుగు పోస్తోందంటే వాడకట్టంతా ఆటోల్లో చూడబోయాం. అందరూ నీటి ఒడ్డున టిఫిన్లు విప్పి, పులిహోర, చికెన్ కూర హాయిగా తింటున్నారు. అవ్వ రొండిన దోపుకొచ్చిన వాచీ తీసి చూసి "ఇంక కాలే" అంది. మేము ముగ్గురం మూసిన టిఫిన్ ముందర కూర్చుని అలుగు చూశాం. నేను ఏడ్చాను కూడా.

తెలంగాణ కోసం సమ్మె నడిచిన ఏడు, బతుకమ్మ దగ్గర పడుతుండగా, ఆ చాబీ మొరాయించింది. బడులు బంద్, బస్సులు బంద్. అంతకు కొన్నాళ్ల ముందు నుంచే అది గరగరలాడుతోందని అవ్వ అంటూనే ఉంది. బిగియకపోతే కొంగు చుట్టి బలంగా తిప్పేది. ఆ రోజు అది ఒక పక్కకు ఒరిగి, అసలు పట్టనే లేదు. నొక్కితే లేస్తుంది, తిప్పితే జారుతుంది. లేచి ఉన్న చాబీ చాట అంచుకు రాసుకుని, అవ్వ కదిలినప్పుడల్లా ముళ్లు ఎటు పడితే అటు తిరిగాయి. మిట్టమధ్యాహ్నం వాచీలో ఆరైంది. తడి ఆకుల పక్కన ఉందేమో, అద్దం లోపల ఆవిరి కూడా పట్టింది.

"అయ్యో, నా కొడుకు టైం ఆగమైపాయెనే!" అని అవ్వ చాట పక్కకు పెట్టేసింది. పని మధ్యలో ఆమె చాట పక్కకు పెట్టడం నేను ఎప్పుడూ చూడలేదు. కామారెడ్డిలో స్టేషన్ దగ్గర వాచీలు బాగుచేసే ఆయన ఉన్నాడు గానీ, పోవడానికి బస్సు లేదు. ఆ రోజు అవ్వ అన్నం తినలేదు, చాయ్ తాగి పడుకుంది. మర్నాడూ అంతే. అమ్మ బతిమాలింది, తర్వాత కోప్పడింది, గోడ గడియారం చూపించి అందులో గంటన్నర తీసేస్తే అదే దుబాయి టైం అని చెప్పి చూసింది.

"తీసేసుడేంది? నా కొడుకు దినంల గంటన్నర నేనెందుకు తీస్త?" అంది అవ్వ. అమ్మ తల పట్టుకుంది. నాకు నవ్వు వచ్చింది గానీ, అవ్వ ముఖం పీక్కుపోయి ఉండడం చూసి భయం కూడా వేసింది.

శుక్రవారం బాపు ఫోన్ చేశాడు. అమ్మ చెప్పిందంతా విని, "ఫోను పిల్లకియ్యి, దాని వేళ్లు సన్నగుంటయి" అన్నాడు. అంతవరకు ఫోన్లో నాతో బాపు మాటలు రెండే: మంచిగ చదువుతున్నవా, తిన్నవా. నేను ఆ అని ఫోన్ అమ్మకు ఇచ్చేసేదాన్ని. ఆ రోజు ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, వాచీ పట్టుకుని వాకిట్లో వెలుతురుకు కూర్చున్నాను. అవ్వ నా ఎదురుగా, ముట్టుకోవద్దని నేను గట్టిగా చెప్పినందుకు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"బలం పెట్టకు బిడ్డా. ముందు ఎనుకకు తిప్పు, టక్కుమని దిగుతదా?"

"దిగుతలేదు బాపు."

"అయితె చూడీల, గా మరల సందుల, ఏందో ఇరికింది. పైపులకు గూడ గంతే, మురికుంటె ఎక్కది. సన్న దారం ఉన్నదా ఇంట్ల?"

బీడీల ఇంట్లో దారం ఉందా అని అడుగుతున్నాడు! నేను చాటలోంచి దారం తెంపి, ఆయన చెప్పినట్టే చాబీని పూర్తిగా పైకి లాగి, దాని కింద మెడకున్న సన్నటి మరల చుట్టూ దారం చుట్టి, మజ్జిగ చిలికినట్టు అటూ ఇటూ లాగాను. గోధుమరంగు పొడి నా అరచేతిలో రాలింది. చాబీ లోపల సూదితో గీకితే ఇంకా రాలింది.

"ఏమొస్తున్నదే?"

"తంబాకు, బాపు."

"వాసనొస్తున్నదా?" అన్నాడు. వస్తోందన్నాను. "మా అవ్వ వాసన గదనే అది" అన్నాడు. బాపు ఏడ్చాడు. పెద్దవాళ్లు, అందులో నాయినలు, ఏడుస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. ఫోటోలో మీసాలు తిప్పుకుని నిలబడే ఆ మనిషి మీద నాకు ప్రేమ పుట్టింది ఆ నిమిషంలోనే.

తర్వాత వెనక్కి తిప్పితే చాబీ టక్కుమని దిగింది. మెత్తగా నొక్కి ముందుకు తిప్పితే, అంతసేపు ఏడిపించింది కాస్తా బుద్ధిగా ఎక్కింది. మళ్లీ విప్పించి, తన దగ్గర ఒంటి గంట కావస్తోందని టైం చెప్పి పెట్టించి, బిగించమన్నాడు. "అద్దంల ఆవిరికి బియ్యం డబ్బాల పెట్టు, పోతది" అన్నాడు. నేను గొప్పగా, "అయితె నువ్వు తినే యాళ్లాయె, తిను బాపు, అవ్వ గూడ తింటది" అన్నాను.

బాపు గొంతు తగ్గించాడు. "లేదు బిడ్డా, నాకు రాత్రి డ్యూటీ పడి శాన రోజులాయె. ఈ యాళ్లకు పండుకుంట. పొద్దుగూకినంక లేసి తింట. అవ్వకు చెప్పకు, పరేషానైతది."

నాకు ఒళ్లు మండిపోయింది. అన్ని ఆదివారాల ఆకలి, పోచారం అలుగు, చల్లారిన మలీద ముద్దలు అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఎవరూ తినని భోజనం కోసమా మేము ఇన్నాళ్లు కాచుకున్నది! నోరు తెరవబోయాను. ఎదురుగా అవ్వ, రెండు రోజులుగా చాయ్ మీదే ఉన్న ముఖంతో, నా పెదవుల వంకే చూస్తోంది.

"ఏమంటున్నడే? తింటున్నడా?"

"తింటున్నడట అవ్వా. ఇప్పుడే కూసున్నడట."

అవ్వ దిగ్గున లేచి మోచేతుల దాకా చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చుంది. మొదటి బుక్క కలుపుకుంటూ, "ఏం కూరట?" అంది. వంకాయ అని నోటికొచ్చింది చెప్పాను. "వంకాయంటె వానికి పాణం" అని అవ్వ ఎంత సంబరంగా తిన్నదో! ఫోన్లో బాపు ముక్కు చీదుకోవడం వినిపించింది.

బస్సులు తిరగడం మొదలయ్యాక అమ్మ కామారెడ్డి పోయి నీళ్లు దిగకుండా ఉండే లోపలి రబ్బరు మార్పించుకొచ్చింది. వాచీ మళ్లీ చాటకే ఎక్కింది గానీ, అప్పటి నుంచి అవ్వ సబ్బుతో చేతులు కడిగి, తుడుచుకున్నాకే చాబీ ముట్టేది. శుక్రవారాలు బాపు నన్ను పిలిచి మరీ, "ఇయ్యాల నేనేం కూర తిన్ననే?" అని అడిగేవాడు. పప్పుచారు తిన్నవనో, బెండకాయ తిన్నవనో నేను చెప్పేదాన్ని.

రాష్ట్రం వచ్చిన ఏడు బాపు పూర్తిగా వచ్చేశాడు. ఇక మన టైముకు తింటామని నేను ఎగిరి గంతేశాను. అవ్వ వాచీని మార్చనివ్వలేదు. "ఇన్నేండ్ల అలవాటు నా కొడుకు కడుపుకు, ఒక్క దినంల మారుతదా?" అంది. పొద్దుగాల లేచి పొలం పోయొచ్చిన బాపు, ఆకలితో నకనకలాడుతూ గడప మీద నా పక్కన కూర్చున్నాడు. అవ్వకు నిజం చెప్పలేడు, చెబితే నా అబద్ధమూ బయటపడుతుంది. "ఇన్నేండ్లు ఆ ముల్లును నేను సూసిన, ఇగ నువ్వు సూడు" అని చెవిలో అన్నాను. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

అవ్వ పోయింది. ఆమె తర్వాత బీడీలు చేస్తూ వచ్చిన అమ్మ కూడా కళ్లు ఆనక మానేసింది, చాట అటకెక్కి చెదలు పట్టింది, ఇప్పుడు మా ఇంట్లో తునికాకు తుంట ఒక్కటి లేదు, వాకిట్లో అచ్చనగండ్లు ఆడే పిల్లలూ లేరు. మొన్న బస్సు దిగి ఇంటికి పోయేసరికి గోడ గడియారంలో ఒంటి గంట. అన్నం కూర వేడివేడిగా ఉన్నాయి. వంటింటి గుమ్మం పక్కన మేకుకు వాచీ వేలాడుతోంది, అందులో పదకొండున్నర. బాపు సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, వాచీ తీసి చాబీ విప్పి ఇచ్చాడు; ముందు కొంచెం వెనక్కి, టక్కుమన్నాక ముందుకు తిప్పి బిగించాడు. "అన్నం పెట్టనా?" అని అమ్మ లోపలి నుంచి అడిగింది.

"ఇంక కాలే" అన్నాడు.

అవ్వ లేదు కదా బాపూ, ఇంకా ఎవరి కోసం అని నోటిదాకా వచ్చింది. ఆయన వాచీని ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తున్నాడు.

"వాసనొస్తున్నదా బాపు?"

"వస్తలేదు బిడ్డా."

నేను వెళ్లి ఆయన పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఆకలి దంచేస్తోంది. చిన్న ముల్లు ఒకటి మీదికి రావడానికి ఇంకా చాలాసేపు ఉంది.