వదిన గీసిన గొట్టాలు

మా వదిన గొట్టాలు గీస్తుంది. ఈ మాట ఎవరికి చెప్పినా కాసేపు నా మొహంకేసి చూసి మాట మార్చేస్తారు. మా వీధి చివర ఇనుప సామాన్ల కొట్టు పైన ఒక డిజైన్ ఆఫీసు ఉంది. అందులో కిటికీ పక్కన కంప్యూటర్ ముందు కూర్చుని, ఒక పైపుల కంపెనీ కోసం పైపులూ వంపు తిరిగే ఎల్బోలూ జాయింట్లూ గీయడం ఆవిడ ఉద్యోగం. అక్కడ పనిచేసే మిగతావాళ్ళందరికీ గీయడానికి పువ్వులు కావాలి, నవ్వే పిల్లల బొమ్మలు కావాలి. గొట్టాలు ఎవరికీ అక్కర్లేదు. అందుకని కొత్తగా చేరిన వదినకి అంటగట్టారు.

ఇన్నేళ్ళూ వంటింట్లో తిరిగిన మనిషి నలభై దాటాక కంప్యూటర్ నేర్చుకుని ఉద్యోగమనేసరికి ఇంట్లో అందరం నోరు వెళ్ళబెట్టాం. అన్నయ్య మాత్రం తీరిగ్గా ఆలోచించి ఒక షరతు పెట్టాడు.

"సరే, వెళ్ళు. కానీ ఒక్క తప్పు జరిగినా మానెయ్యాలి. నలుగురిలో నవ్వులపాలు కావడం నాకిష్టం లేదు."

అన్నయ్య తన ఆఫీసులో చేసే తప్పులు కొన్ని నాకు తెలుసు. వదిన "అలాగేనండీ" అంది.

"గీతలు గీయడానికి బట్టలు మార్చుకుని మరీ వెళ్ళాలా?" అంది అమ్మ. అమ్మ దేన్నీ మెచ్చుకోదు. వంట బాగుంటే తిని లేస్తుంది, బాగోకపోతే మాట్లాడుతుంది.

మొదట్లో వదిన గొట్టాలు చెక్క పలకల్లా ఉండేవట. పని వినడానికి తేలికే. పొడుగాటి పలక ఒకటి గీసి దానికి గ్రేడియెంట్ వేయాలి, అంటే ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి జారేలా నింపాలి. అంచుల్లో నలుపు, నడుమ తెలుపు. దాంతో పలక గుండ్రంగా కనిపించాలి. వదినది కనిపించలేదు. అందుకని స్నానాలగదిలో నిలబడి, గోడకి అడ్డంగా పోయే నీళ్ళ పైపుని చూడటం మొదలుపెట్టింది. బయట అన్నయ్య తువ్వాలు భుజాన వేసుకుని తలుపు కొట్టేవాడు.

"లోపల ఏం చేస్తున్నావు?"

"పైపు చూస్తున్నానండీ."

అన్నయ్య తువ్వాలు రెండో భుజం మీదకి మార్చుకునేవాడు.

చూడగా చూడగా ఆవిడకి తెలిసిందేమిటంటే, తళుకు సరిగ్గా నడిమధ్యన ఉండదు, వెలుగు వచ్చేవైపుకి, అంటే కాస్త పైకి జరిగి ఉంటుంది. చిక్కటి నలుపు కూడా అట్టడుగు అంచున ఉండదు, దానికి కొంచెం ఎగువన ఉంటుంది. అంచు దగ్గర, నేల మీంచి తిరిగొచ్చిన వెలుగు సన్నటి గీతలా అంటుకుని ఉంటుంది. ఆ సన్నగీత వేసిన రోజున పలక గుండ్రమైంది. ఆ రోజే వదిన కూరలో ఉప్పు మర్చిపోయింది. అమ్మ మాట్లాడింది.

కొన్నాళ్ళకి, కంపెనీ తన దుకాణం మీద పెట్టుకునే పెద్ద బోర్డు పని వదిన చేతికొచ్చింది. బోర్డు చుట్టూ ఒకే గొట్టం, నాలుగు మూలలా వంపు తిరుగుతూ చట్రంలా రావాలి. వంపు దగ్గర మామూలు గ్రేడియెంట్ పనికిరాదు. వలయాలుగా జారే రంగు వేసి, అందులోంచి పావు ముక్క కోసి, అతుకు కనబడకుండా కలపాలి. పై సగాన్ని వదిన కళ్ళల్లో వత్తులేసుకుని గీసింది. కింది సగం కూడా అదేగా అని, పై సగాన్నే కాపీ తీసి తలకిందులుగా తిప్పి అతికించింది. ఆ పనిలో ఉన్నవాళ్ళంతా చేసేదే. పొద్దుటినుంచీ అదే బొమ్మ చూస్తున్న ఆఫీసు యజమాని సరేనన్నాడు. మర్నాడు అచ్చుకి పంపాలి.

ఆ సాయంత్రం వదిన దాన్ని చిన్న కాగితం మీద ప్రింటు తీసి ఇంటికి తెచ్చింది. అంతకుముందెప్పుడూ ఏదీ తేలేదు. అన్నయ్య ముందు పెట్టి, వేళ్ళు మెలిపెట్టుకుంటూ నిలబడింది. నాకు జాలేసింది.

"బాగుంది," అన్నాడు అన్నయ్య, పేపర్లోంచి తలెత్తకుండా.

అమ్మ ఆ కాగితం అందుకుని కళ్ళజోడు పెట్టుకుంది. దగ్గరగా పెట్టి చూసింది, దూరంగా పట్టుకుని చూసింది.

"ఇదేంటమ్మాయ్, పైన గొట్టం, కిందకొచ్చేసరికి కాలవ?"

"కాలవేంటి అత్తయ్యా?"

"కిందంతా తెరిచే ఉందిగా. నీళ్ళు పోస్తే పైకి కనబడతాయి."

వదిన కాగితం తీసుకుని చూసింది. తలకిందులు చేసి చూసింది. అప్పుడు కాలవ గొట్టమైంది, గొట్టం కాలవైంది. బొమ్మని తిప్పినప్పుడు దాంతోపాటు తళుకూ అడుగుకి పోయింది. వెలుగు పైనుంచి పడుతున్నప్పుడు అడుగున మెరిసేది లోపలికి గుంట పడిన వస్తువే. నడివీధిలోకి ఎక్కబోయే బోర్డు అది.

అన్నయ్య అప్పుడు పేపరు మడిచాడు.

"తప్పేనా?"

"తప్పేనండీ."

కావాలనే అలా గీశానంటే అన్నయ్య నమ్మేసేవాడు. ఆ మాత్రం అబద్ధం ఆడలేకపోయిందని నాకు వదిన మీద కోపమొచ్చింది.

"మరి మనం అనుకున్న మాట?"

వదిన అమ్మవైపు తిరిగింది.

"పై సగం మాత్రం గొట్టంలానే ఉందా అత్తయ్యా?"

"గొట్టం గొట్టంలా కాక మరెలా ఉంటుంది?" అంది అమ్మ చిరాగ్గా.

వదిన కళ్ళు తుడుచుకుంది. ఆవిడకి ఏడుపొచ్చింది సంతోషానికి. ఈ ఇంటికొచ్చాక అత్తగారి నోట విన్న మొదటి మెప్పు అదే. మెచ్చుకున్నానన్న సంగతి అమ్మకి తెలియదు.

"రేపు పొద్దున్నే వెళ్ళి, అచ్చుకి పోకముందే కింది సగం మళ్ళీ గీస్తాను," అంది వదిన.

"తప్పు జరిగితే మానేస్తానన్నావుగా," అన్నాడు అన్నయ్య.

"అన్నానండీ. అప్పుడంటే నాకు పని రాదు."