అత్తయ్య ఎక్కితే మోగిన కారు

ఎండ చుర్రుమంటున్న వేళ, పట్టుచీరలో ఉన్న అత్తగారిని పిడుగురాళ్ల రోడ్డు మీద కారు దింపి బస్సెక్కించిన మహానుభావుణ్ణి నేను. తిట్టాలనిపిస్తే తిట్టండి, మా ఇంట్లో ఆ కార్యక్రమం ఎప్పుడో పూర్తయింది. కానీ ముందు మొత్తం వినండి.

అప్పటికి నాకు కొత్తగా పెళ్లయింది. నరసరావుపేటలో ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. కొన్నది మొదలు ఫోనులో రిపేరు వీడియోలు చూడటమే పని. స్పానరు ముట్టుకోకుండానే మెకానిక్‌నైపోయానని గట్టి నమ్మకం కుదిరింది. వీధిలో ఎవరి బండి దగ్గినా గుండె మీద స్టెతస్కోపు పెట్టిన డాక్టరులా కళ్లు మూసుకుని, తల ఊపేవాణ్ణి.

అత్తయ్య తమ్ముడు దేవదానం గారిది దాచేపల్లి. సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఆయన కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకుని, మొదటి పాట అక్కే ఎత్తుకోవాలని పట్టుబట్టారు. అత్తయ్య పాట ఎత్తుకుంటే చర్చిలో మైకు సిగ్గుపడి మూల కూర్చుంటుంది. మనిషి కూడా ఆ గొంతుకు తగ్గట్టే నిండుగా ఉంటుంది. ఈ మాట నేను గౌరవంగానే అంటున్నాను. ఆ రోజు కూడా గౌరవంగానే అన్నాను. అదే కొంప ముంచింది.

అలా దాచేపల్లికి బయల్దేరాం. నా పక్కన నా భార్య సునీత, వెనక ఎడమవైపు అత్తయ్య. ఊరు దాటగానే వెనక చక్రం దగ్గర చప్పుడు మొదలైంది. టక్... టక్... వేగం పెంచితే టకటకటక.

"ఏందది బాబూ, ఎవరో తలుపు కొడతన్నట్టుంది?" అంది అత్తయ్య.

"కంగారు పడకండి అత్తయ్యా, నేనున్నాగా!" అంటూ ఆపి, ఇద్దరినీ దింపాను. వంగి చూశాను, చక్రాన్ని తన్నాను, చెవి ఆనించి విన్నాను. తర్వాత ఒక్కణ్ణే కాస్త దూరం నడిపి చూశాను. చప్పుడు లేదు. సునీతను ముందు ఎక్కించుకుని నడిపాను. లేదు. అత్తయ్య కూడా ఎక్కి తలుపు వేసింది. టక్... టక్... టక్!

నా మొహం వెలిగిపోయింది. బండి మళ్లీ ఆపాను.

"దొరికింది! వెనక స్ప్రింగు తట్టుకోలేకపోతోంది."

"దేన్ని తట్టుకోలేదంట?" అడిగింది అత్తయ్య.

సునీత నా మోచేయి గిల్లింది. వీడియోల్లో ఈ గిల్లుడు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నాకు అర్థం కాలేదు.

"అంటే... ఆ పక్క బరువు కొంచెం..."

కారులో ఏసీ అవసరం లేనంత చల్లదనం పరుచుకుంది. సరిగ్గా అప్పుడే మా పక్కనుంచి సిమెంటు లారీ ఒకటి వెళ్లింది. అత్తయ్య దాన్ని కనుచూపు మేర సాగనంపింది.

"అన్నేసి బస్తాలు మోసే బండికి లేని చప్పుడు, నేనెక్కితే వచ్చిందా అల్లుడు గారూ?"

నన్నెప్పుడూ 'బాబూ' అని పిలిచే మనిషి, 'అల్లుడు గారూ' అంది! అప్పుడైనా నోరు మూసుకోవాలా వద్దా?

"పోనీ అత్తయ్యా, కుడివైపు జరిగి కూర్చుంటే బ్యాలెన్సు..."

ఆవిడ దిగిపోయింది. వెనక వస్తున్న బస్సుకు చెయ్యెత్తింది. ఆ చెయ్యి చూస్తే రైలైనా ఆగేది. సునీత నావైపు ఒక చూపు చూసి, వాళ్లమ్మ వెనకే బస్సెక్కింది.

నేను ఆ బస్సు వెనకే దాచేపల్లి దాకా వెళ్లాను. దారంతా కారు పిల్లిలా నడిచింది. నిజం చెప్పొద్దూ, లోపల సంబరపడ్డాను. నా లెక్క తప్పలేదుగా!

ఆ సంబరం భోజనాల దాకానే. పాట బ్రహ్మాండంగా పాడిన అత్తయ్య, విస్తరి ముందు కూర్చుని, వడ్డించే ఆవిడతో ఇల్లంతా వినపడేలా అంది: "చాలమ్మా, ఇంకో గరిటె పెట్టబాక. మా అల్లుడు గారి కారు మొయ్యలేదంట!"

పాస్టరు గారు సహా అందరూ నవ్వారు. నేను విస్తరిలో లేని కరివేపాకు ఏరుకుంటూ కూర్చున్నాను.

సాయంత్రం దేవదానం గారు బతిమాలి అక్కను మళ్లీ కారెక్కించారు. ఆవిడ తలుపు వేసుకుంది. నేను దేవుణ్ణి తలుచుకుని కదిలించాను. టక్... టక్... అద్దంలో అత్తయ్య మొహం చూసే ధైర్యం చాల్లేదు.

"ఓయ్, ఆగవయ్యా!" దేవదానం గారు వెనక పరుగెత్తుకొస్తున్నారు. "తలుపులో బెల్టు ఇరుక్కుందయ్యా! దాని బిళ్ల బయట ఏలాడి కారుని వాయిస్తంది, చూసుకోవా?"

దిగి చూశాను. సీటు బెల్టు చివరి ఇనప బిళ్ల, వెనక చక్రానికి జానెడు ముందు, దర్జాగా వేలాడుతోంది. అది కొట్టిన చోటల్లా రంగు లేచిపోయింది.

"చీర నలుగుద్దని ఎక్కినప్పుడల్లా దాన్ని పక్కకి నెట్టి తలుపేశాను బాబూ. నాకేం తెలుసు?" అంది అత్తయ్య, పాపం, నొచ్చుకుంటూ. తలుపు తీసి బెల్టు లోపలికి లాక్కుంది. బిళ్లను అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేసి చూసింది. ఆ తర్వాత నావైపు తిరిగి, చాలా నెమ్మదిగా అడిగింది:

"ఇదెంత బరువుంటదంటావు?"

సునీత నవ్వు ఆపుకోలేక సీటు మీద ఒరిగిపోయింది. అత్తయ్యా నవ్వింది. చివరికి నేనూ నవ్వాను. గత్యంతరం లేదు.

కాబట్టి, పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా కారు చప్పుడు చేసినా, ఈల వేసినా, ఏకంగా పాట ఎత్తుకున్నా సరే, ముందు తలుపులు నాలుగూ చూస్తాను. 'బరువు' అనే మాట అత్తగారు ఉన్న ఇంట్లోనే కాదు, ఆవిడ ఉన్న మండలంలోనే పలకను.