వియత్నాం చూసొచ్చిన తొక్కు డబ్బా

ముందే చెబుతున్నా, నాకు గోరంతను కొండంత చేసే అలవాటుంది. మా ఆవిడ నా మాటల్లో సగం తీసేసి వింటుంది. మీరూ అట్లే చదవండి.

యాభై దాటాక, ఫోన్‌లో వీడియోలు చూసి చూసి, ఒక్కణ్నే వియత్నాం బయల్దేరాను. సంగతి తెలియగానే పక్కింటి లచ్చవ్వ మామిడి తొక్కు డబ్బా తెచ్చింది. మా చొప్పదండిలో ఎవరు విదేశం పోయినా ఊరివాళ్ల పార్శిళ్లు మోయాల్సిందే.

"మా రాజుగానికియ్యి బిడ్డా."

"అవ్వా, నీ కొడుకు రాజు దుబాయ్‌ల ఉన్నడు. నేను పోయేది వియత్నాం."

"దేశం దాటుతున్నవ్ గదా! జర గట్ల ఇచ్చిపో."

కాదనలేకపోయాను.

హనోయి విమానాశ్రయంలో ఏడు కుక్కలు, పదిమంది పోలీసులు నా బ్యాగును చుట్టుముట్టారు. ఎర్రటి నూనె కారుతున్న డబ్బాను ఒక అధికారి బాంబులా పట్టుకున్నాడు. అటునుంచి అటే వెనక్కి పంపిస్తారనుకున్నాను. ఊళ్లో ఇక తలెత్తుకోలేను! భాష రాక, తొక్కులో వేలు ముంచి నాకి చూపించాను. ఆయనా నాకాడు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ డబ్బా తిరిగిచ్చి దండం పెట్టాడు.

ఇంటికొచ్చి డబ్బా అప్పగిస్తే లచ్చవ్వ మొహం చిన్నబోయింది.

"మావోడు కనవడలేదా బిడ్డా?"

అందుకే వచ్చే ప్రయాణానికి టికెట్ దుబాయ్ మీదుగా తీసుకున్నాను.

కుక్కలూ పోలీసులూ నా కల్పన. అక్కడున్నది ఒక్క అధికారే, తొక్కు నాకింది నేనొక్కణ్నే. దుబాయ్ టికెట్ మాత్రం నిజం. కావాలంటే లచ్చవ్వనడగండి, కొత్త డబ్బా అప్పుడే నింపుతోంది.